కానరీ ద్వీపముల జెముడు

ఆఫ్రికా ఖండమునకు వాయవ్యమున, అట్లాంటిక్ మహాసముద్రములో కానరీ ద్వీపములు కలవు. ఇవి స్పెయిన్ దేశమునకు చెందినవి. అగ్నిపర్వతముల వలన ఏర్పడినవి. అచటి తీరపు కొండచరియలపై మన్ను పలుచన, వాన తక్కువ, ఎండ ఎక్కువ. అట్టి రాతినేలలో ఒక జెముడు జాతి పొద దీపపుసెమ్మె వలె కొమ్మలెత్తి నిలిచియుండును. దీనిని అచటివారు 'కార్దోన్' అందురు.

ఆకులనుండి నీరు ఆవిరియై పోవును గదా! ఈ పొదకు ఆకులే లేవు. ఆహారము సిద్ధపరచు పనిని పచ్చని కాండమే చేయును. నాలుగైదు పలకలుగల కాండములు మొదటినుండి గుంపుగా లేచి మూడు నాలుగు మీటర్ల యెత్తు పెరుగును. వానకు లభించిన నీటిని తమ మెత్తని కండలో దాచుకొని కరవునాడు వాడుకొనును. పగటి వేడిలో సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెరచి గాలిని గ్రహించును.

చూపునకు నాగజెముడు వలె నున్నను ఇది ఆ కుటుంబములోనిది కాదు; మన ఆముదపు కుటుంబములోనిది. గాటు పడినచో తెల్లని పాలు కారును. ఆ పాలు విషము. చర్మమునకు తగిలిన బొబ్బలెక్కును. కంట బడిన చూపునకే ముప్పు.

ఇంత క్రూరముగా కన్పట్టు పొదయే పలు ప్రాణులకు ఆశ్రయము. ముండ్లకును విషమునకును వెరచి మేకలు దీని జోలికి రావు. అందుచే దీని కాండముల నడుమ మొలచిన లేతమొక్కలు మేతకు బలికాక పెరుగును. బల్లులు దీని నీడలో దాగును. 1991లో ఈ పొద గ్రాన్ కానరియా ద్వీపమునకు అధికార చిహ్నమైనది.

మన పల్లెలలో కొందరు జెముడును చేలకు కంచెగా నాటుదురు. కార్దోన్ ఎవరును నాటకయే పొరుగు మొక్కలకు కంచెయై నిలుచుచున్నది.