పొద్దు గుంకక ముందే



మారతహళ్ళి పేరు చెప్పగానే మీలో చాలామందికి మొదట గుర్తొచ్చేది బస్సు. హైదరాబాదుకో, విజయవాడకో, నెల్లూరుకో పోయే రాత్రి బస్సుల కోసం అక్కడి వంతెన దగ్గర సంచులు పెట్టుకుని నిలబడ్డవాళ్ళలో తెలుగు మాట వినపడని రోజు ఉండదు. అయితే ఈ పూట నేను చెప్పబోయేది రాత్రి నిలబడేవాళ్ళ గురించి కాదు. పొద్దున నిలబడేవాళ్ళ గురించి.

నేను బడికి పోయే దారిలో ఒక కూడలి ఉంది. ఆరున్నరకల్లా అక్కడ కూలివాళ్ళు చేరతారు. బేల్దార్ల చేతిలో తాపీ, రసమట్టం ఉంటాయి. రంగులు వేసేవాళ్ళు ఖాళీ డబ్బాలో బ్రష్షులు పెట్టుకుని వస్తారు. ఆడవాళ్ళ సంచుల్లో మధ్యాహ్నానికి సంగటో, చిత్రాన్నమో ఉంటుంది. మడకశిర యాస, పావగడ యాస, బాగేపల్లి యాస అన్నీ అక్కడే వినొచ్చు. రాయచూరు, కలబురగి వైపు నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఈమధ్య బీహారు, ఒడిశా పిల్లలు కూడా చేరారు. మేస్త్రీ వచ్చి స్కూటరు ఆపగానే అందరూ చుట్టూ మూగుతారు. "ఇద్దరు చాలు" అంటాడు. ఇద్దరు పోతారు, మిగతావాళ్ళు వెనక్కి జరుగుతారు. తొమ్మిది దాటేసరికి గుంపు పలచబడుతుంది. అప్పటికీ మిగిలినవాళ్ళెవరో ఒకసారి చూడండి. వయసు మళ్ళినవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, కొత్తగా ఊరు దిగి ఏ మేస్త్రీ మొహమూ తెలియనివాళ్ళు.

పరిశుద్ధ గ్రంథంలో మత్తయి సువార్త 20వ అధ్యాయం నేను చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. అయినా దాన్ని సరిగ్గా విన్నది ఈ కూడలి దగ్గరేనని నా నమ్మకం. యేసు ప్రభువు అక్కడ చెప్పిన కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కూలివాళ్ళ కోసం బయలుదేరతాడు. రోజుకు ఒక దేనారమని బేరం కుదుర్చుకుని కొందరిని తోటకు పంపుతాడు. దేనారమంటే చిన్న వెండి నాణెం. అది ఆ కాలపు రోజు కూలి, ఒక కుటుంబానికి ఆ పూట గడవడానికి సరిపడేది. అతను తొమ్మిది గంటలకు మళ్ళీ వెళ్తాడు, పన్నెండుకు వెళ్తాడు, మూడింటికి వెళ్తాడు. చివరికి సాయంత్రం అయిదింటికి కూడా వెళ్తాడు. అప్పటికీ సంతవీధిలో మనుషులు నిలబడే ఉంటారు. పగలంతా ఎందుకు ఊరికే నిలబడ్డారని అడుగుతాడు. తమను ఎవరూ పనికి పిలవలేదని వాళ్ళు చెబుతారు. వాళ్ళనూ తోటకు పంపుతాడు. పొద్దు గుంకాక కూలి ఇచ్చేటప్పుడు చివర వచ్చినవాళ్ళతో మొదలుపెట్టి అందరి చేతిలోనూ అదే ఒక్క దేనారం పెడతాడు.

మా ఆదివారపు పిల్లలకు ఈ కథ చెబితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "పొద్దుటి నుంచి ఎండలో చేసినవాళ్ళకు అన్యాయం కదా సార్?" పిల్లలదేముంది, కథలోని కూలివాళ్ళు కూడా అదే గొణిగారు. నేను సమాధానం వెంటనే చెప్పను. సోమవారం బడికి వచ్చేటప్పుడు కూడలి దగ్గర తొమ్మిది గంటలకు ఎవరు మిగిలారో చూసి రండి అంటాను. చూసి వచ్చిన పిల్ల ఒకతె, "వాళ్ళు సోమరులు కాదు సార్, ముసలాళ్ళు" అంది. అంతకన్నా వ్యాఖ్యానం నేను చేయలేను.

ఇది దేవుని కృపను గురించిన ఉపమానమని, కూలి రేట్ల పట్టిక కాదని పెద్దలు బోధిస్తారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ కృపను వివరించడానికి ప్రభువు కూలి అడ్డానే ఎందుకు ఎంచుకున్నాడు? వింటున్నవాళ్ళలో ఆ సంతవీధిలో నిలబడ్డవాళ్ళు ఉన్నారు కాబట్టి. అయిదింటికి పిలుపు అందుకున్నవాడి ఇంట్లోనూ పిల్లలకు ఆకలి అంతే ఉంటుందని వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు.

యజమాని అడిగిన ఆ ప్రశ్న ఉంది చూశారూ, ఎందుకు ఊరికే నిలబడ్డారని, అది ఇప్పుడు మన ఇళ్ళలోనే వినపడుతోంది. మారతహళ్ళిలో వీధివీధికీ కంప్యూటరు శిక్షణ కేంద్రాలున్నాయి, పేయింగ్ గెస్టు వసతి గృహాలున్నాయి. మన జిల్లాల పిల్లలు ఇంజనీరింగు ముగించుకుని వచ్చి, ఒక గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని, కోర్సు మీద కోర్సు చేస్తూ ఇంటర్వ్యూల కోసం ఎదురుచూస్తుంటారు. పండక్కి ఊరికి పోతే ప్రతి చుట్టమూ అడుగుతాడు, "ఏరా అబ్బీ, ఇంకా ఖాళీగానే ఉన్నావా?" అని. కథలోని యజమానీ ఆ మాటే అడిగాడు. కానీ జవాబు విన్న తర్వాత పని ఇచ్చాడు. మనం జవాబు వినే దాకా కూడా ఆగం. పండక్కి ఊరికి రావడం మానేసిన పిల్లలు నాకు తెలుసు.

ఇక కూలి సంగతికి వద్దాం. ఉపమానాన్ని ఎవరు ఎలా అర్థం చేసుకున్నా, ధర్మశాస్త్రంలో ఉన్నది ఉపమానం కాదు, ఆజ్ఞ. కూలివాడి డబ్బు తెల్లవారే దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకా వివరంగా చెబుతుంది. పొద్దు గుంకక ముందే ఇవ్వాలి, వాడు బీదవాడు, ఆ డబ్బు మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడు అంటుంది. వాడు నీ సోదరుడైనా సరే, నీ ఊళ్ళో ఉంటున్న పరదేశి అయినా సరే అని కూడా చేర్చింది. ఊరు విడిచి పనికి పోయినవాళ్ళున్న మన సరిహద్దు జిల్లాలవాళ్ళం ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. కూలి అనే మాట తెలుగులోనూ కన్నడంలోనూ తమిళంలోనూ ఒక్కటే. సరిహద్దు దాటినంత మాత్రాన దాని అర్థమేమీ మారదు.

యిర్మీయా 22వ అధ్యాయంలో యూదా రాజు యెహోయాకీము మీద ఒక అభియోగం ఉంది. అతను జీతమివ్వకుండా జనం చేత పని చేయించి మేడ కట్టించాడట. విశాలమైన మీదిగదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, పైన ఎర్రరంగు. ఆ వర్ణన చదువుతుంటే మా వీధిలో లేస్తున్న అపార్టుమెంటు ప్రకటన చదివినట్టే ఉంటుంది. ప్రవక్త ఆ మేడ అందాన్ని తప్పుపట్టలేదు. అది ఎవరి చెమటతో లేచిందని మాత్రమే అడిగాడు.

మన నేలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1876-78 నాటి కరువు బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలను ఎలా ఊడ్చేసిందో పెద్దల నోట వినే ఉంటారు. 1877 మొదట్లో కరువు పనుల దగ్గర సర్ రిచర్డ్ టెంపుల్ సూచించిన కూలి, మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కంటే తక్కువే. దాంతో మట్టి తవ్వే మనిషి బతకలేడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు ఆ కూలి పెంచారు.

ఆ రోజుల్లోనే ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. పనికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వేరేచోట్ల పై కులాల అజమాయిషీలో వాళ్ళకు తిట్లు, కూలిలో కోతలు ఉండేవి. అందుకని తన బోధకులనే పనిమీద పెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని మా సంఘాల్లో పెద్దగా చెప్పుకుంటాం. ఆ అంకె కంటే దానికి ముందు జరిగింది నాకు ఎక్కువ నచ్చుతుంది. కరువు పనులు నడిచినంతకాలం, ఏడాదికి పైగా, అడిగినవాళ్ళకు కూడా అతను బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతం అనే మాట రాకూడదని. కాలువ తవ్వినవాడికి ఇచ్చింది కూలి. దానికి బదులుగా వాడి విశ్వాసాన్ని అడగలేదు.

ఇప్పుడు చట్టాలున్నాయి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పదిహేను రోజుల్లోగా కూలి అందాలన్నది ఆ చట్టం అప్పట్లో పెట్టిన షరతు. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. రోజు కూలిమీద పనిచేసేవాడికి ఆ పూట పని ముగియగానే డబ్బు చెల్లించాలని అందులో ఉంది. లేవీయకాండం చదివినవాళ్ళకు ఇది పాత మాటే.

ఇంత చెప్పిన నేనేమీ తక్కువవాణ్ణి కాదు. కొన్నేళ్ళ కిందట ఇంటికి రంగు వేయించాను. మడకశిర వైపు మనిషి, మూడు రోజుల పని. శనివారం సాయంత్రం చేతులు కడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు. ఇంట్లో డబ్బు ఉంది. కానీ తలుపు దగ్గర ఒకచోట రంగు సరిగ్గా పడలేదని నా మనసులో ఉంది. "సోమవారం రాప్పా, చూసి ఇస్తాను" అన్నాను.

"రాత్రికి ఊరికి పోవాల సారూ" అన్నాడు.

"సోమవారం" అన్నాను మళ్ళీ.

మరుసటి రోజు ఆరాధనకు వెళ్ళాను, పాటలు పాడాను, కానుక వేశాను. సోమవారం అతను వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. మంగళవారం వచ్చాడు, ఇచ్చాను. తలుపు దగ్గర మచ్చ సంగతి నేనూ ఎత్తలేదు. నోట్లు లెక్కపెట్టుకుని, "పని ఉంటే పిలవండి సారూ" అని వెళ్ళిపోయాడు. ఒక్క మాట అనలేదు. కోత కోసినవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి తానే మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. ఆ రోజు నుంచి ఆ వచనం నా నోటితో గట్టిగా చదవడం నాకు కష్టంగానే ఉంది.

చిల్లర లేదని, బ్యాంకు మూసేశారని చెప్పే వీలు ఇప్పుడు లేదు. ఫోను తీస్తే క్షణంలో డబ్బు పోతుంది. మొన్న వెనక గది గోడకు చెమ్మ పడితే మళ్ళీ అతన్నే పిలిపించాను. అయిదున్నరకే ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అతను నిచ్చెన మీద నుంచే చూసి నవ్వాడు.

"అంత తొందరెందుకు సారూ, ఇంకో పూత వేయాల."