డేటాబేస్‌లో తెలుగు పాఠం: ఎన్‌కోడింగ్ దోషాల నిర్ధారణ, సవరణ

వ్యాససంగ్రహం:
క్షేత్రపర్యటనల్లో సేకరించిన గేయాలను, మాండలిక పదాలను డేటాబేస్‌లో భద్రపరిచే పరిశోధకులు తరచుగా ఎదుర్కొనే సమస్య అక్షరాలు చెడిపోవడం. చెడిన పాఠమంతా ఒకే తీరున చెడదు. కొంత పూర్తిగా తిరిగి రాబట్టదగినది, కొంత శాశ్వతంగా నశించినది. ఈ భేదాన్ని గుర్తించే పద్ధతిని, సవరణ క్రమాన్ని మైఎస్‌క్యూఎల్ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యూనికోడ్, యుటిఎఫ్-8, మైఎస్‌క్యూఎల్, పాఠపరిష్కరణ, పాఠపరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
లేఖకదోషాలను గుర్తించి పాఠాన్ని పరిష్కరించడం తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. లేఖకుడు ఏ అక్షరాన్ని ఏమని పొరబడ్డాడో తెలిస్తే మూలపాఠాన్ని ఊహించగలుగుతాం. డేటాబేస్‌లో చెడిన పాఠానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే ఇక్కడ లేఖకుడు యంత్రం. అది పొరపాటును కూడా నియమం తప్పకుండా చేస్తుంది. అందువల్ల బైట్లు మిగిలి ఉన్నంతవరకు ఊహతో పనిలేకుండా మూలపాఠాన్ని రాబట్టవచ్చు. బైట్లు పోతే ఏ పరిష్కర్తా చేయగలిగింది లేదు.

2. యంత్రం అక్షరాన్ని దాచే తీరు:
యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. యుటిఎఫ్-8 పద్ధతిలో వీటిలో ప్రతి సంకేతానికీ 3 బైట్లు అవసరం. ఉదాహరణకు 'అ' అనే అక్షరం 224, 176, 133 అనే మూడు సంఖ్యలుగా నిలువ అవుతుంది. గుణింతపు గుర్తులకు విడి స్థానాలున్నాయి. కాబట్టి 'తెలుగు' అనే మాట మనకు మూడక్షరాలే అయినా యంత్రానికి త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం అనే 6 సంకేతాలు, అంటే 18 బైట్లు.

లాటిన్-1 అనే సంకేతపట్టికలో ఒక బైటుకు ఒక అక్షరం. అందులో తెలుగుకు చోటు లేదు. మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్లలో ముందుగా అమర్చి ఉన్నది ఈ పట్టికే. 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుండి ఆ స్థానంలో యుటిఎఫ్8ఎంబి4 చేరింది. పాఠాన్ని పంపే అనుసంధానం ఒక పట్టికను, దాన్ని నిలువచేసే కాలమ్ మరొక పట్టికను పాటించినప్పుడు, లేదా అనుసంధానం తాను పంపే బైట్లను తప్పుగా ప్రకటించినప్పుడు దోషం పుడుతుంది.

3. దోషనిర్ధారణ:
తెరపై కనిపించేదాన్ని బట్టి నిర్ణయానికి రాకూడదు. డేటా సరిగా ఉన్నా, చదివే అనుసంధానం లాటిన్-1లో ఉంటే ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. ఫాంటు లేకపోతే ఖాళీ గడులు కనిపిస్తాయి. కనుక నిలువ ఉన్నదాన్నే కొలవాలి. 'తెలుగు' అనే మాట ఒక్కటే ఉన్న రికార్డును తీసుకొని, క్యార్ లెంగ్త్ ఫంక్షన్‌తో సంకేతాల సంఖ్యను, లెంగ్త్ ఫంక్షన్‌తో బైట్ల సంఖ్యను చూడాలి. నాలుగు ఫలితాలు ముఖ్యమైనవి.

అ) 6 సంకేతాలు, 18 బైట్లు: పాఠం సరిగా ఉంది.
ఆ) 18 సంకేతాలు, 18 బైట్లు: లాటిన్-1 కాలమ్‌లో యుటిఎఫ్-8 బైట్లు యథాతథంగా చేరాయి. రాసేటప్పుడు జరిగిన పొరపాటే చదివేటప్పుడూ జరగడం వల్ల పాత సాఫ్ట్‌వేర్‌లో ఇది సరిగానే కనిపిస్తుంది. సర్వర్ మార్చిన రోజున బయటపడుతుంది.
ఇ) 18 సంకేతాలు, 38 బైట్లు: యుటిఎఫ్-8 బైట్లను లాటిన్-1 అక్షరాలుగా భావించి యంత్రం మళ్ళీ యుటిఎఫ్-8లోకి మార్చింది. ఇది జంట ఎన్‌కోడింగ్.
ఈ) 6 సంకేతాలు, 6 బైట్లు: ప్రతి సంకేతం స్థానంలో ప్రశ్నార్థకం చేరింది. హెక్స్ ఫంక్షన్‌తో చూస్తే ఆరు బైట్లూ ఒకటే. ఏది 'త'యో, ఏది 'ల'యో చెప్పే ఆధారం మిగలలేదు.

4. సవరణ క్రమం:
ముందుగా టేబుల్‌కు నకలు తీసి, ప్రయోగాలన్నీ నకలుపైనే చేయాలి.

'ఆ' స్థితిలో కాలమ్‌ను మొదట బైనరీ రకానికి, ఆపై యుటిఎఫ్8ఎంబి4కు మార్చాలి. బైనరీ దశలో యంత్రం బైట్లను అనువదించదు. ఈ దశను విడిచి నేరుగా మారిస్తే పాఠం 'ఇ' స్థితికి చేరుతుంది.

'ఇ' స్థితిలో పాఠాన్ని లాటిన్-1లోకి, అక్కడినుండి బైనరీలోకి, తిరిగి యుటిఎఫ్8ఎంబి4లోకి మార్చాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఒకే టేబుల్‌లో చెడిన రికార్డులు, సరైన రికార్డులు కలిసి ఉండవచ్చు. సరైన తెలుగును లాటిన్-1లోకి మారిస్తే అది ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. చెడిన పాఠాన్ని బాగుచేయబోయి బాగున్న పాఠాన్ని పోగొట్టుకుంటాం. కాబట్టి చెడిన రికార్డులను వేరుచేసి, వాటికే సవరణ జరపాలి.

'ఈ' స్థితికి సవరణ లేదు. పాత బ్యాకప్, ధ్వనిముద్రణ, చేతిరాత పుస్తకం మాత్రమే శరణ్యం.

5. నివారణ:
కాలమ్, అనుసంధానం రెండింటినీ యుటిఎఫ్8ఎంబి4లో ఉంచాలి. మైఎస్‌క్యూఎల్‌లో 'యుటిఎఫ్8' అని మాత్రమే రాస్తే 3 బైట్ల వరకే నిలువ అవుతుంది. తెలుగుకు అది చాలినా, ఎమోజీల వంటి 4 బైట్ల సంకేతాలకు చాలదు. స్ట్రిక్ట్ మోడ్‌ను తొలగించకూడదు. అది ఉంటే తగని అక్షరం వచ్చినప్పుడు యంత్రం నిరాకరిస్తుంది, లేకుంటే హెచ్చరికతో సరిపెట్టి ప్రశ్నార్థకం రాసుకుంటుంది. యూనికోడేతర డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన పాఠానికి ఈ పద్ధతులు వర్తించవు. దానికి తగిన లిపి పరివర్తకం వాడాలి.

6. ముగింపు:
గేయం పాడిన వృద్ధురాలు మళ్ళీ మనకు దొరకకపోవచ్చు. ఆమె పలికిన మాటకు డేటాబేస్‌లోని 18 బైట్లే మిగిలిన సాక్ష్యం కావచ్చు. కనుక వేల పదాలు ఎక్కించడానికి ముందే 'తెలుగు' అనే ఒక్క మాటను నిలువచేసి, 6, 18 అనే సంఖ్యలు వచ్చాయో లేదో చూసుకోవాలి. పాఠం చెడినట్లు కనిపిస్తే తొందరపడి మార్పులు చేయక, ముందు కొలవాలి. పరిష్కర్త మూలప్రతిని చెరపకుండా పాఠాంతరాలను పరిశీలించినట్లే, పరిశోధకుడు నకలును భద్రపరిచిన తరువాతే సవరణకు పూనుకోవాలి.