గేరు సైకిలు చైను పడుట: ముందు డిరైలరును సరిచేసికొను విధము

గేరు సైకిలు ఇంటికి వచ్చిన కొన్ని నెలలకో, తొలి వానకారు గడచిన పిమ్మటనో, చైను పడుట యను జబ్బు తలచూపును. పిల్ల వంతెన యెక్కుచు ఎడమచేతి గేరు మీటను నొక్కును. చైను చిన్నచక్రము మీదికి దిగి యూరకుండక దానిని కూడ దాటి ఫ్రేము మీద పడును. పెడళ్లు వట్టిగా తిరుగును, బండి నిలిచిపోవును, వెనుక లారీ హారను మ్రోగును. చైను వెలుపలికి పడినచో ఇంకను చేటు. నిలుచుండి త్రొక్కుచున్న పాదము ఒక్కసారిగా క్రిందికి దిగి మనిషియే పడును. మా పెద్దపిల్ల కాలేజీకి పోవు త్రోవలో ఈ రెండును జరిగినవి. అందుచేతనే సోదరీమణుల కీ విషయము విన్నవింప బూనితిమి.

డిరైలరు అను మాట ఫ్రెంచి భాషనుండి వచ్చినది. బండిని పట్టాలు తప్పించుట యని దాని మూలార్థము. పేరులోనే పనియు నున్నది. పెడలు కడ రెండు గాని మూడు గాని పళ్లచక్రములుండును. పెద్దది వెలుపల, చిన్నది లోపల. వాని పైభాగమున, చైనునకు ఇరుప్రక్కల రెండు రేకులతో, చిన్న పంజరమొకటి యుండును. మీట నొక ప్రక్కకు నొక్కిన కేబులు బిగిసి, పంజరము చైనును పెద్దచక్రము మీదికి త్రోయును. కేబులు వదలినప్పుడు స్ప్రింగు దానిని లోపలికి లాగికొనును. చైనును త్రోవ తప్పించుటయే దీని వృత్తి గనుక, ఎంతవరకు తప్పింపవచ్చునో చెప్పుటకు దీనికి రెండు స్క్రూలు అమర్చిరి. వానికడ ఎల్, హెచ్ అను ఇంగ్లీషు అక్షరములు కనబడును. ఎల్ లోపలి హద్దు, హెచ్ వెలుపలి హద్దు. లక్ష్మణరేఖ వంటి వని మా పిల్లలకు చెప్పితిమి. ఆ రేఖ వాల్మీకములో లేదన్న సంగతి వేరు. పోలికకు మాత్రము చక్కగా పనికివచ్చినది.

స్క్రూలు పైకి కనబడుచుండుటచేత అందరి చేతులును ముందుగా వానిమీదికే పోవును. ఒక మరమ్మతు దుకాణములో మా పిల్ల సైకిలునకు రెండు స్క్రూలను బిగియగట్టి పంపిరి. చైను పడుట మానిన మాట నిజమే. పెద్దచక్రము మీదికి ఎక్కుటయు మానినది! నిదానము తెలియక చేయు చికిత్స యెట్లుండునో అట్లున్నది. చైను ఫ్రేము వైపు పడినచో ఎల్ స్క్రూయు, పెడలు వైపు పడినచో హెచ్ స్క్రూయు వదులైనవని యనుమానింపవచ్చును. సాధారణముగా కుడికి త్రిప్పిన హద్దు దగ్గరగును, ఎడమకు త్రిప్పిన దూరమగును. ఒక్కొక్క మారు పావుచుట్టు చాలును. కుట్టుమిషను బాబిన్ కేసు స్క్రూను దారపు బిగువు చూచుకొనుచు త్రిప్పు చేతులకు ఇది క్రొత్త విద్య కాదు.

చైను పెద్దచక్రము మీదికి ఎక్కకున్నచో మాత్రము త్వరపడరాదు. మీటను పెద్దచక్రపు మెట్టులో నుంచి, పెడలు త్రిప్పుట యాపి, పంజరమును వ్రేలితో వెలుపలికి నెట్టి చూడవలెను. ఇంకను కదలినచో హెచ్ స్క్రూ నిర్దోషి. కేబులే వదులై యున్నది. కదలక నిలిచినచో హద్దే దగ్గరైనది. అటులనే చైను చిన్నచక్రము మీదికి దిగకున్నచో మీటను చివరి మెట్టునకు దింపి కేబులును తాకి చూడవలెను. బిగువుగా నున్నచో కేబులే పంజరమును పట్టి యుంచుచున్నది. వదులుగా నున్నచో ఎల్ స్క్రూ బిగువో, కీళ్లలో పట్టిన మట్టియో తుప్పో కారణము. ఈ రెండు పరీక్షలకు నిమిషము పట్టదు. ఇవి చేయక స్క్రూ డ్రైవరు పట్టుట మాకు సమ్మతము కాదు.

కేబులు బిగువు మార్చుటకు మీట మొదటనో, కేబులు దారిలోనో వ్రేళ్లతో త్రిప్పు చిన్న గుండ్రని మర యుండును. దానిని ఎడమకు త్రిప్పిన కేబులు బిగియును. అరచుట్టు త్రిప్పి పరీక్షించి, అవసరమైన ఇంకొక అరచుట్టు. ఒక్క తడవ ఒక్కటే మార్చవలెనని మావారు పిల్లలకు చెప్పుచుందురు. రెండు మార్చినచో దేనివలన గుణము కలిగెనో తెలియదు గదా.

ఇన్నిటికిని లొంగనిచో మొదటినుండి అమర్చవలెను. వెనుకచక్రము నేల తగులకుండ సైకిలును ఉయ్యాల కొక్కెమునకు త్రాటితో వ్రేలాడదీయుట సులువు. కొంగు దోపికొని, గాజులు తీసి, చైనును గుడ్డతో తుడిచిన తరువాతనే పని. మీటను చివరి మెట్టునకు దింపి కేబులు బోల్టును వదులుచేయవలెను; 5 మిల్లీమీటర్ల ఎల్ కీ చాలవరకు సరిపోవును. పంజరమును చేతితో పెద్దచక్రముపైకి లాగి చూచినచో, వెలుపలి రేకునకును పెద్దచక్రపు పళ్లకును నడుమ 1 మొదలు 3 మిల్లీమీటర్ల సందుండవలెను. రూపాయి నాణెము సులువుగా దూరిన చాలును. పైనుండి చూచినప్పుడు రేకు చక్రమునకు సమాంతరముగా నుండవలెను. ఇవి కుదరనిచో పంజరమును ఫ్రేమునకు పట్టి యుంచు బోల్టును వదలించి సరిచేయవలెను. ఇవి తప్పిన స్క్రూల నెంత త్రిప్పినను ఫలము లేదు.

పిదప చైనును ముందు చిన్నచక్రము మీదను, వెనుక అన్నిటికంటె పెద్దదాని మీదను ఉంచి, లోపలి రేకు చైనునకు తగులక అర మిల్లీమీటరు, అనగా దళసరి శుభలేఖ అట్ట దూరునంత, ఎడమగునట్లు ఎల్ స్క్రూ త్రిప్పవలెను. అప్పుడు కేబులును చేతితో లాగిపట్టి బోల్టు బిగించి, చైనును ముందు పెద్దదాని మీదికిని, వెనుక అన్నిటికంటె చిన్నదాని మీదికిని చేర్చి, వెలుపలి రేకు వైపు అంతే సందును హెచ్ స్క్రూతో కుదుర్చవలెను. త్రిప్పునది స్వయముగా పెడలైనను, వ్రేళ్లు చైను దరి చేరనీయరాదు.

ముందు పెద్దది వెనుక పెద్దది, ముందు చిన్నది వెనుక చిన్నది, ఈ జతలలో చైను ఐమూలగా నడచుటచే రేకును రాచుకొనవచ్చును. ఆ శబ్దమును స్క్రూలతో మాన్పబూనిన ఉన్న అమరిక చెడును. పిల్లలు ఆ జతలను మానుకొనుటయే మేలు. కొన్ని మీటలకు సగము మెట్టుండును. దానిని నొక్కిన పంజరము కొంచెము జరిగి రాపిడి పోవును. రేకు వంగినను, కేబులు పోగులు విడినను బాగుచేయ బూనక మార్చివేయవలెను. క్రొత్త సైకిళ్లలో పెక్కింటికి ముందు ఒకటే చక్రముండుటచే వారి కీ బెడదయే లేదు. క్రొత్త కేబులు వేసినవారు మాత్రము కొన్ని దినములు త్రొక్కిన తరువాత, కేబులును దాని తొడుగును సర్దుకొని వదులగును గనుక, ఆ గుండ్రని మరను ఇంకొక అరచుట్టు త్రిప్పవలసి వచ్చును.