చీరకూ ఓ పాస్‌పోర్ట్

షినాస్ (ఒమన్): సోహార్‌కు ఉత్తరాన, యూఏఈ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న షినాస్ లాంటి ఊళ్లో పోచంపల్లి చీర కావాలంటే ఫోనే దిక్కు. ‘ప్యూర్ ఇక్కత్’ అని వెతికితే చూడ్డానికి ఒకేలా ఉన్న చీరలు ఒకచోట వందల్లో, మరోచోట వేలల్లో కనిపిస్తాయి. ఏది మగ్గం మీద నేసింది, ఏది మిల్లులో అచ్చు వేసింది అన్నది ఫొటో చెప్పదు.

యూరప్ దీనికో దారి వేస్తోంది. అక్కడ 2024 జూలై 18న అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ చట్టం ‘డిజిటల్ ప్రొడక్ట్ పాస్‌పోర్ట్’ను తెచ్చింది. కోడ్ స్కాన్ చేస్తే వస్తువు దేనితో తయారైందో, పాడైతే ఎలా బాగుచేయాలో, చివరికి ఎలా రీసైకిల్ చేయాలో తెలియాలి. ఆన్‌లైన్‌లో అయితే డబ్బు కట్టకముందే ఆ వివరాలు కనిపించాలి. వేరే చట్టం కింద విద్యుత్ వాహనాల బ్యాటరీలకు 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటిదే తప్పనిసరి. ఎకోడిజైన్ జాబితాలో బట్టలు ముందు వరుసలోనే ఉన్నాయి. ఒమన్‌లో ఈ చట్టం వర్తించదు కానీ, యూరప్‌కు ఎగుమతి చేసే మన వ్యాపారులకు తప్పదు.

మన దగ్గర గుర్తింపులు లేకపోలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ ట్యాగ్ వచ్చింది. 2006లో హ్యాండ్లూమ్ మార్క్ మొదలైంది. కంటితో పట్టే ఉపాయమూ ఉంది. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు బట్ట తిరగేస్తే వెలవెలబోతుంది. అయితే మరమగ్గం మీద నేసిన ఇక్కత్ ముందు ఈ పరీక్ష పనిచేయదు. రికార్డు కావాల్సింది అక్కడే.

సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లకు తెలిసిన సంగతే, డేటాబేస్ ఏది టైప్ చేస్తే అది తీసుకుంటుంది. మరమగ్గం చీరకు ‘చేనేత’ అని రాస్తే అభ్యంతరం చెప్పదు. అందుకే చీర వివరాలు మగ్గంతో ముడిపడాలి. తెలంగాణలో ప్రభుత్వ పథకాల కోసం మగ్గాలకు ఇప్పటికే జియోట్యాగ్ వేశారు. ఒక మగ్గం మీద నెలకు ఎన్ని చీరలు దిగుతాయో నేతన్నలకు తెలుసు. అదే మగ్గం పేరిట వందలు నమోదైతే మోసం తెలిసిపోతుంది. కాకపోతే ఈ నమోదు ఖర్చు, శ్రమ నేతన్న నెత్తిన పడకూడదు. అమ్మకంలో ఎక్కువ మిగుల్చుకునేవాళ్లే భరించాలి.

ఈలోగా ఆర్డర్ పెట్టేముందు వెనుకవైపు ఫొటో, హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్, నేసిన సంఘం పేరు అడగండి. పట్టు అయితే సిల్క్ మార్క్ కూడా.