వేగము పెంచిన కంప్యూటరును చల్లగాను నిశ్శబ్దముగాను నుంచుట

నేటి విద్యార్థులలో ననేకులు తమ యింటి కంప్యూటరును తామే విప్పి మరల తామే కూర్చగల నేర్పును సంపాదించుచున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే వారిలో కొందఱు, యంత్రమును చేసినవారు నిర్ణయించిన వేగము చాలదని, దానిని అంతకంటె వేగముగా నడుప యత్నింతురు. దీనికి ఓవర్‌క్లాకింగు అని పేరు. పిదప యంత్రము వేడెక్కుటయు, ఫ్యానులు హోరుమనుటయు, ఇంటిలోని వారు విసుగు చెందుటయు సంభవించును. ఈ వేడి యెందుండి పుట్టుచున్నది? దానిని చప్పుడు లేకుండ వెలుపలికి పంపుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకు తేటగా నుత్తరము చెప్పుటయే మా యుద్దేశము.

కంప్యూటరునందలి ముఖ్యమగు చిప్పునకు ప్రాసెసరు అని పేరు. అది గడియారపు కొట్టువంటి విద్యుత్ స్పందనములను బట్టి అడుగడుగుగా పనిచేయును. ఒక ప్రాసెసరు వేగము 4 గిగాహెర్ట్జులని చెప్పినచో సెకండునకు 400 కోట్ల స్పందనములు కలవని యర్థము. ఈ సంఖ్యను పెంచుటయే ఓవర్‌క్లాకింగు. 1998వ సంవత్సరమున ఇంటెల్ కంపెనీవారు విక్రయించిన సెలెరాన్ 300ఏ అను చిప్పు దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము. అది 300 మెగాహెర్ట్జుల చిప్పు. అనేకులు మదరుబోర్డు గడియారమును 66 నుండి 100 మెగాహెర్ట్జులకు మార్చి, దానిని 450 మెగాహెర్ట్జులతో నడిపిరి. తక్కువ వెలకు కొన్న వస్తువు ఎక్కువ వెలగల వస్తువు పని చేయుటచేత ఈ విద్యకు గొప్ప పేరు వచ్చెను.

కాని యీ వేగము ఉచితముగా రాదు. చిప్పులోని కోట్లకొలది ట్రాన్సిస్టరులు ప్రతి స్పందనమునకు విద్యుత్తును గ్రహించి విడుచుచుండును. ఆ విద్యుత్తంతయు తుదకు వేడిగా మాఱును. ఈ వేడి రెండు సంగతులపై నాధారపడియున్నది. వేగము ఎన్ని రెట్లయిన వేడియు అన్ని రెట్లగును. వోల్టేజి ఎన్ని రెట్లయిన వేడి దాని వర్గమును బట్టి పెరుగును. ఒక చిప్పు 100 వాట్లు ఖర్చు చేయుచున్నదనుకొందము. వేగము మాత్రమే నూటికి 10 వంతులు పెంచినచో 110 వాట్లగును. అయితే హెచ్చు వేగమున చిప్పు తప్పులు చేయకుండుటకు తఱచుగా వోల్టేజిని గూడ పెంచవలసి వచ్చును. అదియు నూటికి 10 వంతులు పెంచినచో, 1.1ని మూడుమాఱులు హెచ్చవేయగా 1.331 వచ్చును. అనగా 133 వాట్లు. వేగము పెరిగినది పదవ వంతు. వేడి పెరిగినది మూడవ వంతు. 2004వ సంవత్సరమున ఇంటెల్ కంపెనీవారే 4 గిగాహెర్ట్జుల పెంటియం 4 చిప్పును అమ్మకమునకు తెచ్చు ఆలోచనను విడిచిపెట్టి, ఒకే చిప్పులో రెండు ప్రాసెసర్లను కూర్చు మార్గమును పట్టిరి. కేవలము వేగమును పెంచుకొనుచు పోవుటకు వేడి యడ్డు వచ్చెను.

కావున మొదటి పాఠమిది: పుట్టని వేడిని పోగొట్టవలసిన పని లేదు. కోరిన వేగము కుదిరిన పిమ్మట వోల్టేజిని కొంచెము కొంచెముగా తగ్గించుచు, ప్రతి తగ్గింపు వద్దను యంత్రమును బరువైన పనితో పరీక్షింపవలయును. తడబాటు కనిపించిన వెంటనే ఒక మెట్టు వెనుకకు రావలయును. పైసా ఖర్చు లేని యీ పనివలన కలుగు చల్లదనము కొన్నిసార్లు క్రొత్త ఫ్యాను కొన్నను కలుగదు.

రెండవది, వేడి పోవు మార్గము. చిప్పు పైనున్న లోహపు మూతనుండి వేడి యొక లేపనముగుండ హీట్‌సింకు అను లోహపు రేకుల దిమ్మెకును, అచ్చటనుండి గాలికిని పోవును. మూతయు దిమ్మెయు నున్నగా కనబడినను, వాని నడుమ కంటికి కనబడని సందులు కలవు. వానిలో గాలి నిలుచును. రాగి నిశ్చలమైన గాలికంటె సుమారు 15,000 రెట్లు బాగుగా వేడిని కొనిపోవును గనుక, పలుచని గాలి పొరయైనను గొప్ప యడ్డంకియే. ఆ సందులను పూడ్చుటకే థర్మల్ పేస్టు అను లేపనము. చిన్న బఠాణీ గింజంత చాలును. దట్టముగా పూసినచో మేలు లేదు. ఏలయన లేపనము గాలికంటె మెరుగేగాని లోహముతో సమానము కాదు.

మంచి హీట్‌సింకులలో రాగి గొట్టములుండును. వీనిని హీట్ పైపులందురు. 1963వ సంవత్సరమున అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవరు ఇట్టి గొట్టమును నిర్మించెను. దీని పని తెలియవలెనన్న అన్నము గిన్నె మూతను చూడుడు. అడుగున కాగిన నీరు ఆవిరియై పైకి లేచి, మూతకు తగిలి చల్లబడి, బొట్లుగా మరల క్రిందికి పడును. ఆవిరితోపాటు వేడియు మూతకు చేరును. హీట్ పైపులోను కొంచెము నీరు ఇట్లే ఆవిరియగుచు, మరల ద్రవమగుచు, వేడిని చిప్పునుండి రేకులకు మోయును. దానికి ఏ చప్పుడును లేదు.

మూడవది శబ్దము. తాటాకు విసనకఱ్ఱతో మెల్లగా విసరినను కావలసినంత గాలి వచ్చును. చిన్న అట్టముక్కతో అంత గాలి రావలెనన్న వడివడిగా ఆడింపవలయును. ఫ్యానుల విషయమును ఇంతియే. 120 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యము 80 మిల్లీమీటర్ల దానికంటె రెండింబావు రెట్లు. కావున అది నెమ్మదిగా తిరిగియు సమానమైన గాలిని పంపగలదు. ఫ్యాను వేగమును సగము చేసినచో శబ్దము సుమారు 15 డెసిబెల్లు తగ్గును. 10 డెసిబెల్లు తగ్గినప్పుడే మన చెవికి చప్పుడు సగమైనట్లు తోచును. ఒకే విధమగు రెండు ఫ్యానులను పెట్టినచో 3 డెసిబెల్లు మాత్రమే హెచ్చును. అనగా నిండు వేగమున నొక ఫ్యానుకంటె, సగము వేగమున రెండు ఫ్యానులు దాదాపు అంతే గాలిని పంపుచు, 12 డెసిబెల్ల మేర నెమ్మదిగా నుండును. మఱియు ఎగయుచు తగ్గుచునుండు హోరుకంటె ఒకే తీరున సాగు సన్నని ధ్వని చెవికి బాధ కలిగింపదు. కావున వేడి కొలదిగా మాఱిన ప్రతిమాఱు ఫ్యాను వేగము మాఱకుండునట్లు అమర్చుకొనుట మంచిది. నీటితో చల్లబఱచు సాధనములు కూడ కలవు. కాని ఆ నీరును తుదకు తన వేడిని రేకులద్వారా గది గాలికే యియ్యవలయును.

ఈ గది గాలియే మనవంటి యుష్ణప్రదేశములలో అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. ఏ ఫ్యానును చిప్పును గదికంటె చల్లగా చేయజాలదు. ఒక హీట్‌సింకు వాటు ఒక్కింటికి 0.3 డిగ్రీల చొప్పున వేడెక్కుననుకొందము. మన 133 వాట్లకు 40 డిగ్రీలగును. పెట్టెలోని గాలి గదికంటె 5 డిగ్రీలు హెచ్చుగా నున్నచో మొత్తము 45. డిసెంబరులో గది 24 డిగ్రీలున్నప్పుడు చిప్పు 69 డిగ్రీలుండును. మే మాసమున గది 42 డిగ్రీలున్నప్పుడు 87 డిగ్రీలగును. చాల చిప్పులకు 95 లేక 100 డిగ్రీలు హద్దు. ఆ హద్దు చేరగానే చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. మనము కోరి తెచ్చుకొన్న లాభము పోవును. అంతకంటె చెడ్డ సంగతి యింకొకటి కలదు. వేగము మితిమీఱి, వోల్టేజి చాలక, లేక వేడి హెచ్చి తడబడు యంత్రము ఒక్కొక్కప్పుడు ఆగిపోక, తప్పు లెక్కను సరియైన లెక్కవలె వ్రాసి పెట్టును. ఇంటి ఖాతాలు, కుటుంబపు ఛాయాచిత్రములు, అక్క కళాశాలకు వ్రాయుచున్న వ్యాసము ఆ యంత్రములోనే యుండవచ్చునుగదా!

కావున పరీక్ష చేయు పద్ధతి యిది. గదిలో ఉష్ణమాపకము నుంచి యంకెను వ్రాసికొనుడు. యంత్రముచేత అరగంటసేపు బరువైన పని చేయించి చిప్పు వేడిని చూడుడు. రెండవ యంకెనుండి మొదటిదానిని తీసివేసి, శేషమునకు 42 కలుపుడు. వచ్చిన మొత్తము 85 దాటినచో వోల్టేజినో వేగమునో తగ్గింపుడు. చలికాలమున చేసిన పరీక్షను చూచి వేసవికి ధైర్యము చెప్పుకొనరాదు. పెట్టెను మూసిన బీరువాలోను, గోడకు ఆనించియు నుంచరాదు. ముందునుండి చల్లగాలి వచ్చి వెనుకనుండి వేడిగాలి పోవునట్లు దారి యుండవలయును. మన ప్రాంతపు దుమ్ము రేకుల నడుమ పేరుకొని గాలిని ఆపును. నెలకొకసారి విద్యుత్తు తీగను ఊడదీసి, ఫ్యాను ఱెక్కను వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దులుపుడు.

తలిదండ్రులకు రెండు మాటలు. పైని చెప్పిన 33 వాట్లు దినమునకు 6 గంటల చొప్పున నెలకు సుమారు 6 యూనిట్లగును. ఇది గొప్ప ఖర్చు కాదు. కాని వేగము పెంచుటచేత చిప్పు చెడినచో, గ్యారంటీ వర్తింపదని చెప్పు కంపెనీలు కలవు. కావున పిల్లవాడు ఈ పనికి పూనుకొనక మునుపు, గ్యారంటీ పత్రమును తీసి అతనితో కూర్చుండి చదువుడు. ముఖ్యమైన కాగితములకు వేఱొకచోట ప్రతిని ఉంచుడు. ఇవి రెండును జరిగిన పిమ్మట అతని యుత్సాహమును అడ్డగింపవలసిన యవసరము లేదు. లెక్కలు, భౌతికశాస్త్రము, ఓర్పు ఈ మూడును ఈ యొక్క పనిలో నేర్వవచ్చును.

విద్యార్థులారా, అనేక మదరుబోర్డులలో అమరికలను వేఱువేఱు పేర్లతో దాచి యుంచు సదుపాయము కలదు. చలికాలమునకు ఒకటి, వేసవికి ఒకటి వ్రాసి పెట్టుకొనుడు. మార్చి నెల చివర దుమ్ము దులిపి, వేసవి యమరికకు మార్చి, అంకెలను మీ నోటుబుక్కులో వ్రాసికొనుడు.