చెయ్యి చూపనిది కన్ను చూడదు

డాక్టరుగారు "ఒక స్కాను తీయించండి" అన్నారంటే మన ఇళ్ళల్లో ఇప్పుడెవరూ కంగారు పడరు. కోడలికి మూడో నెల వస్తే స్కాను, అయిదో నెలలో 'టిఫా', మామగారికి నడుములో పోటు వస్తే కిడ్నీల స్కాను. మా రాచర్ల వంటి ఊళ్ళో అయితే ఆ ఉదయం ఇంటిల్లిపాదికీ హడావిడే. ఒకరు పరగడుపున ఉండాలి, ఇంకొకరు కడుపు ఉబ్బేట్టు నీళ్ళు తాగి ఓర్చుకోవాలి. బస్సో ఆటోనో పట్టుకుని గిద్దలూరు చేరాలి. అక్కడ కాదంటే మార్కాపురం, ఇంకా పెద్ద పని పడితే ఒంగోలో గుంటూరో. ఇంతా చేసి లోపలికి వెడితే కాసేపట్లో పని అయిపోతుంది. చల్లటి జిగురు రాసి, పొట్టమీద ఏదో అటూ ఇటూ తిప్పి, "లేవండమ్మా" అంటారు. బయటికి వచ్చాక చుట్టాలంతా అడిగేది ఒకటే మాట: "మిషను మంచిదేనా?"

మొన్న సంక్రాంతికి మా ఊరు వచ్చిన నా పూర్వ విద్యార్థిని ఒకామె ఈ మాట విని నవ్వింది. "మిషను సంగతి సరే సార్, ఆ చెయ్యి ఎవరిది, ఎవరి దగ్గర దిద్దుకుంది అని ఒక్కరూ అడగరేం?" అంది.

ఆమె ఇంటర్మీడియటులో బై.పి.సి. చదివింది, తెలుగు నా దగ్గర చదివింది. తరువాత మన రాష్ట్రంలోనే రెండేళ్ళ ఇమేజింగ్ డిప్లొమా పూర్తిచేసి, పెళ్ళయి భర్తతో అమెరికా వెళ్ళి, అక్కడ అల్ట్రాసౌండు చదువు మొదటినుంచీ మళ్ళీ చదివింది. రెండు సాయంకాలాలు మా అరుగుమీద కూచుని ఆ చదువు ముచ్చట్లు చెప్పింది. నేను ఛందస్సు చెప్పుకునేవాణ్ణి గాని వైద్యం తెలిసినవాణ్ణి కాను. అయినా ఇది ప్రతి ఇంటికీ పనికివచ్చే సంగతి గనుక, ఆమె చెప్పినదీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

'అతిధ్వని' అన్నారు మన పారిభాషిక పదాలు కూర్చినవారు. చక్కటి మాట. మన చెవికి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకానే వినిపిస్తుంది. స్కాను మిషను పంపే ధ్వని లక్షలు దాటి కోట్లలోకి పోతుంది. నల్లమల లోయలో నిలబడి కేకేస్తే కొండ తిరిగి పలుకుతుంది గదా, ఇదీ అంతే. ప్రోబులోనుంచి ధ్వని ఒంట్లోకి వెడుతుంది, ఒక్కొక్క పొర దగ్గరా కొంత వెనక్కి వస్తుంది. మెత్తని కండలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుందని లెక్క. వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి ఆ పొర ఎంత లోతున ఉందో మిషను గుణించుకుని తెరమీద చుక్క పెడుతుంది. గాలి అడ్డం వస్తే ధ్వని లోపలికి దిగదు. ఆ జిగురు రాసేది అందుకే.

దీని పుట్టుక ఆసుపత్రిలో కాదు. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాంజెవాన్ నీళ్ళ కిందనున్న జలాంతర్గాములను పట్టడానికి ఆ గుణాన్ని వాడాడు. తరువాత కర్మాగారాల్లో ఇనుములో పగుళ్ళు వెదకడానికి ఈ ధ్వనిని వాడేవారు. 1955లో గ్లాస్గో నగరపు స్త్రీవైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషనులో తీసిన కంతులను కారులో వేసుకుని బాయిలర్ల కర్మాగారానికి తీసుకుపోయి, ఇనుము చూసే యంత్రంతో వాటిని చూశాడు. నీటితిత్తి ఒకలాగా, గట్టి గడ్డ మరొకలాగా కనిపించాయి. 1958లో ఆయనా, మెక్‌వికార్ అనే వైద్యుడూ, టామ్ బ్రౌన్ అనే ఇంజనీరూ కలిసి లాన్సెట్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. నయంకాని కాన్సరనుకుని ఆశ వదులుకున్న ఒక స్త్రీ కడుపులో ఉన్నది తీసివేయదగిన నీటితిత్తేనని ఈ ధ్వని చెప్పింది. శస్త్రచికిత్స చేసి తీసేశారు, ఆమె బతికింది.

ఇందులో ఒక చిత్రం వినండి. చేత్తో తిప్పితే ఎవరి చెయ్యినిబట్టి వారి బొమ్మ వస్తుందని బ్రౌన్‌కు అనుమానం. అంచేత 1960 ప్రాంతాల మనిషి చేతితో పని లేకుండా దానంతటదే తిరిగే యంత్రం తయారుచేశాడు. కాని కాలం అటు పోలేదు. ప్రోబు మళ్ళీ మనిషి చేతికే వచ్చింది, ఇవాళ్టికీ అక్కడే ఉంది. బ్రౌన్ అనుమానం మాత్రం నిజమే! ఎక్స్‌రేలో మనిషిని సరిగా నిలబెడితే బొమ్మ యంత్రం తీస్తుంది. స్కానులో బొమ్మను చెయ్యి గీస్తుంది.

ఎల్లా అంటారా? ఇంట్లో ఆడవాళ్ళకు తెలిసిన ఉదాహరణ చెప్పింది మా అమ్మాయి. సొరకాయను నిలువుకు అడ్డంగా కోస్తే గుండ్రని చక్రం వస్తుంది. కత్తి ఏటవాలుగా పడితే పొడుగాటి ముక్క వస్తుంది. కాయ అదే, కోత మారింది. కడుపులో బిడ్డ పొట్ట చుట్టుకొలత తీసేటప్పుడు ప్రోబు కొంచెం వాలితే గుండ్రం సాగుతుంది, కొలత పెరుగుతుంది, బిడ్డ బరువు ఎక్కువని లెక్క వస్తుంది. ఎదగని బిడ్డ ఎదిగినట్టు కాగితం మీద పడుతుంది! తల్లి నిశ్చింతగా ఇంటికి పోతుంది. మిషను ఎంత ఖరీదుదైనా ఆ వాలును దిద్దుకోవలసింది చెయ్యే.

పిత్తాశయంలో రాయి సంగతీ అంతే. తెరమీద తెల్లని చుక్క కనిపించినంత మాత్రాన రాయి అనడానికి లేదు. దాని వెనక నల్లటి నీడ పడిందా? మనిషిని పక్కకు తిప్పితే అది దొర్లిందా? రాయి సాధారణంగా దొర్లుతుంది, గోడకు మొలిచిన పిలక దొర్లదు. ఊపిరి బిగపట్టించి, ఎడమ పక్కకు తిప్పి, పేగుల్లోని గాలిని తప్పించి, కాలేయాన్నే కిటికీగా చేసుకుని కుడి కిడ్నీని చూడాలి. దేన్నయినా నిలువుగా ఒకమారు, అడ్డంగా ఒకమారు చూడందే నమ్మకూడదు. ఫ్లోరైడు నీళ్ళకు పేరుమోసిన మా పడమటి ప్రకాశంలో 'కిడ్నీ' అనేది పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలిసిన మాట. అల్లాంటి చోట ఈ జాగ్రత్తలు పుస్తకపు ముచ్చట్లు కావు.

"మరి చెయ్యి ఎల్లా దిద్దుతారమ్మా?" అని అడిగాను.

మొదట రోగి దగ్గరికే రానివ్వరట. మెత్తని జిగురు ముద్దలమీద ప్రోబు పట్టడం, తరువాత తోటి విద్యార్థులు ఒకరి పొట్టమీద ఒకరు అభ్యాసం చేయడం. జరపడం, వాల్చడం, ఊపడం, తిప్పడం, నొక్కడం - ఈ అయిదు కదలికలూ ఓనమాలు. ప్రోబు మీద ఒక గుర్తు ఉంటుంది. అది తలవైపు ఉండాలి, లేదా మనిషి కుడివైపు ఉండాలి. అది తారుమారైతే తెరమీద కుడి ఎడమా తారుమారే. అవి వచ్చాక ఆసుపత్రిలో ఒక అనుభవజ్ఞురాలి పక్కన నిలబెడతారు. ప్రిసెప్టరు అంటారట. కొన్నాళ్ళు చూడడం, కొన్నాళ్ళు అందించడం, తరువాత ఆమె చూస్తుండగా తాను చేయడం. చేసినదాన్నల్లా ఆమె మళ్ళీ తాను చేసి సరిచూస్తుంది. చిట్టాలో సంతకం పెడుతుంది.

"మొదటి రోజుల్లో నాకు కిడ్నీ దొరికేది కాదు సార్. ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసి, వెంట్రుకవాసి తిప్పేది. ఠక్కున కనిపించేది. ఆ వెంట్రుకవాసి ఏ పుస్తకంలోనూ లేదు" అంది.

నాకు మా మార్కాపురం పలక గుర్తుకు వచ్చింది. దేశమంతా పేరు తెచ్చుకున్న ఆ నల్లపలకమీద పంతులుగారు పిల్లవాడి చెయ్యి పట్టుకుని దిద్దించేవారు. ఈ తెరా నల్లపలకే. నీరు నల్లగా, ఎముకా రాయీ తెల్లగా, కాలేయం బూడిదరంగుగా కనిపిస్తాయి. ఆ అక్షరాలూ చెయ్యి పట్టి దిద్దిస్తేనే వస్తాయి కాబోలు.

చేతితోపాటు ముఖానికీ శిక్షణ ఉంది. బల్లమీద పడుకున్నవారు తెరను చూడరు, స్కాను చేసేవారి ముఖం చూస్తారు. ఒకరోజు గర్భిణికి తానే ప్రోబు పెట్టిందట. ఈపాటికి కొట్టుకోవలసిన గుండె కొట్టుకోవడం లేదు. నిలువుగా చూసింది, అడ్డంగా చూసింది. ఆ తల్లి "బాగుందా?" అని అడిగింది. చెప్పే అధికారం విద్యార్థినికి లేదు, అబద్ధమాడే అధికారం ఎవరికీ లేదు. "మా పెద్దావిడ కూడా ఒకసారి చూస్తారమ్మా, నేను ఇక్కడే ఉంటాను" అని చెప్పి ప్రిసెప్టరును పిలిచింది. ఆమె చూసింది, డాక్టరు వచ్చి చెప్పారు. అంతసేపూ తాను ఆ తల్లి భుజంమీద చెయ్యి తీయలేదట. "ప్రోబు పట్టడంకంటే అది కష్టం సార్" అని ఊరుకుంది. నేనూ ఇంకేమీ అడగలేదు.

అమెరికాలో 1973లోనే దీన్ని ఒక ప్రత్యేక వృత్తిగా గుర్తించారు. 1975లో పరీక్షలు పెట్టి పట్టికకెక్కించే సంస్థ ఏర్పడింది. అక్కడ టెక్నీషియన్ స్కాను చేస్తే డాక్టరు ఆ బొమ్మలు చదివి అభిప్రాయం రాస్తారు. ఇంగ్లండులో అభిప్రాయం కూడా చాలాచోట్ల సోనోగ్రాఫరే రాస్తారు. మన దారి వేరు. ఇక్కడ స్కాను చేసి రాసేది డాక్టరే. గర్భిణుల విషయంలో చట్టమే ఆ గీత గీసింది. ఆడపిల్లను కడుపులోనే చంపుకునే పాడుబుద్ధిని ఆపడానికి 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం చేశారు. 2003లో దాన్ని ఇంకా బిగించారు. ఆడా మగా చెబితే మొదటి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జుల్మానా. ప్రతి గర్భిణి స్కానుకూ 'ఫారం ఎఫ్' నింపాలి. ఈ చట్టాన్ని సడలించమని నేను అనను, మా అమ్మాయీ అనలేదు.

కాని డాక్టరు చెయ్యి అయినా పుట్టుకతో రాదు గదా! అందుకే 2014 నియమాల్లో ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకు ఆరునెలల్లో 300 గంటల శిక్షణా, చేసిన కేసుల చిట్టా, చివర పరీక్షా పెట్టారు. ఇక ఆ గదిలో డాక్టరు పక్కన పనిచేసే టెక్నీషియన్లు రోగిని సిద్ధంచేయాలి, పక్కకు తిప్పాలి, మిషను సరిచేయాలి, ప్రోబు శుభ్రంచేయాలి, రికార్డులు నింపాలి. వారికి చెయ్యి తెలియకపోతే డాక్టరు పని సగం కుంటుపడుతుంది. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తులకు కమిషన్ చట్టం తెచ్చి, అల్లాంటి చదువు కనీసం 2,000 గంటలైనా ఉండాలంది. గంటలు కాగితం మీద ఉండడం వేరు, ఆసుపత్రిలో ఉండడం వేరు. డిప్లొమా రోజుల్లో తాను అల్ట్రాసౌండు గదిని గుమ్మంలోనుంచే చూశానంది మా అమ్మాయి. లోపల డాక్టరుకు ఊపిరి తిరగదు, బయట వంద మంది. ఎవరిని తప్పుపట్టగలం? నేర్పే తీరిక నేర్పే మనిషికి ఇవ్వకపోతే ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు?

మన చేతిలో ఉన్నవీ రెండున్నాయి. ఒకటి: స్కాను గదిలో డాక్టరు పక్కన ఒక విద్యార్థి నిలబడి, "ఈ పిల్ల కూడా చూడవచ్చునా?" అని అడిగితే, వద్దనే హక్కు మీకుంది. అడగకుండా చేస్తే అభ్యంతరం చెప్పండి. అడిగి, డాక్టరు పక్కనే ఉంటే మాత్రం కాసేపు ఓర్చుకోండి. రేపు మీ మనుమరాలికి స్కాను చేయబోయే చెయ్యి ఇవాళ ఎవరో ఒకరి పొట్టమీద దిద్దుకోవలసిందే.

రెండోది తలిదండ్రులకు. పక్క పట్నంలో పారామెడికల్ కాలేజీ పెట్టారనీ, ఫీజు తక్కువనీ, ఉద్యోగం ఖాయమనీ అమ్మాయిని చేర్పించే ముందు భవనాన్నీ బల్లలనూ చూసి రాకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. పిల్లలను ఏ ఆసుపత్రికి పంపుతారు? వారానికి ఎన్ని రోజులు? పక్కన నిలబడి నేర్పేవారెవరు? చేసిన పనికి చిట్టాలో సంతకం పెట్టేవారెవరు? ఈ నాలుగింటికీ పేరు పెట్టి జవాబు చెప్పగలిగితే చేర్పించండి. "అవన్నీ తరువాత చూసుకుందాం లెండి" అంటే, కట్టవలసిన డబ్బు జేబులోనే పెట్టుకుని తిరుగు బస్సు ఎక్కండి.