నర్సు కావాలంటే ఏం చదవాలి?

పల్లెలో ఇంటింటికీ తిరిగి పసిపిల్లల టీకాల లెక్క చూసే ఏఎన్‌ఎం, ఐసీయూలో వెంటిలేటర్‌ మీద కన్నేసి రాత్రంతా మేలుకునే స్టాఫ్‌ నర్సు, కాలేజీలో పాఠం చెప్పే ప్రొఫెసర్‌.. ముగ్గురూ నర్సులే. చదివిన చదువులే వేరు.

ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్సింగ్‌ అండ్‌ మిడ్‌వైఫరీ) కోర్సు రెండేళ్లు, జీఎన్‌ఎం (జనరల్‌ నర్సింగ్‌ అండ్‌ మిడ్‌వైఫరీ) మూడేళ్లు. వీటికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. నాలుగేళ్ల బీఎస్సీకి మాత్రం బైపీసీ చదివుండాలి. జీఎన్‌ఎంతో మొదలుపెట్టినవారు రెండేళ్ల పోస్ట్‌ బేసిక్‌ కోర్సుతో బీఎస్సీ పట్టా అందుకోవచ్చు, ఆపైన ఎమ్మెస్సీ. ఏ కోర్సు చదివినా రాష్ట్ర నర్సింగ్‌ కౌన్సిల్‌లో పేరు నమోదు తప్పనిసరి.

కాలేజీ ఎంచుకునేటప్పుడు చాలామంది భవనం, బస్సు, ఫీజు చూస్తారు. అసలు అడగాల్సింది ప్రాక్టికల్స్‌ ఏ ఆస్పత్రిలో, అక్కడ రోగులెంతమంది అని. ఇంజెక్షన్‌ చేయడం పుస్తకం చూసి వచ్చే విద్య కాదు మరి!

తెలంగాణలో మరో మార్గం తెరుచుకుంది. 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. అనుభవమున్న నర్సులకు పద్దెనిమిది నెలలు నేర్పి, అనవసర సిజేరియన్లు తగ్గేలా సాధారణ కాన్పులు చేయించడం దాని ఉద్దేశం.

ఇది ఆడవాళ్ల ఉద్యోగమేనన్న మాటా పాతబడింది. ఎయిమ్స్‌ నియామక పరీక్ష నార్సెట్‌లో 20 శాతం పోస్టులు మగవారివే. విదేశాలకు వెళ్లాలనుకుంటే, అమెరికాకు ఎన్‌క్లెక్స్‌ పరీక్ష రాయాలి. జర్మనీకి జర్మన్‌ భాష రావాలి.